వర్గమూలానికి బొట్టు

సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ పరీక్షకు కూర్చోవడం అది మూడోసారి. పోతే డిగ్రీ పట్టా రాదు. అయినా నాకు భయం కూడా వేయలేదు.

మార్టూరు గ్రానైట్ పలకకు మూల నుంచి మూలకు ఎంత పొడవుందో లెక్కగట్టే ప్రోగ్రామ్ ఇచ్చారు. ఇంట్లో సాధన చేసినప్పుడు ఇదే ప్రోగ్రామ్ విండోస్‌లో చక్కగా నడిచిందే, ల్యాబ్‌లోని లినక్స్ మాత్రం వర్గమూలం ఫంక్షన్ ఎవరో తెలియదంది.

"పైన మ్యాథ్ డాట్ హెచ్ రాశాను కదండీ," అన్నాను పరీక్షించడానికి వచ్చిన మేడంతో.

"అది శుభలేఖే బాబూ, అందులో ఫంక్షన్ల పేర్లే ఉంటాయి. మనవైపు ఉత్త శుభలేఖకి ఎవరొస్తారు? లెక్కల ఫంక్షన్లు వేరే లైబ్రరీలో ఉంటాయి. కంపైల్ చేసేప్పుడు చివర మైనస్ ఎల్ఎమ్ కొట్టి, బొట్టు పెట్టి పిలవాలి."

"తెర మీద అచ్చేసే ప్రింట్‌ఎఫ్ శుభలేఖతోనే వచ్చేస్తుందిగా మేడం?"

"దాంతో అందరికీ పనుంటుంది. లెక్కలు అందరికీ అక్కర్లేదని వెనకటికి విడిగా పెట్టారు."

"నాకూ అక్కర్లేదండి. మూడేళ్లుగా అదే చెబుతున్నాను."

ఆవిడ నవ్వలేదు. మైనస్ ఎల్ఎమ్ కొట్టాను, జవాబు వచ్చింది. పాస్ అని రాశారు.

"ఒరేయ్, ఇప్పుడైనా నవ్వరా," అన్నాడు పక్క సిస్టమ్ వాడు.

ప్రయత్నించాను, రాలేదు. దర్శి బస్సు ఎన్నింటికో వాణ్ణే అడిగి, కుర్చీ ఖాళీ చేశాను.