మేడం బూట్ల లేసు

సిద్దిపేటలో మా బడి పీఈటీ మేడం చేతిలో బెత్తం ఉండేది కాదు. ప్రార్థన గంట కొట్టగానే గేటు మూయడం ఆమె పని. నెలంతా వేళకు వచ్చిన పిల్లలకు అందరి ముందు చప్పట్లు కొట్టించేవారు. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే మాత్రం ఇంట్లోవాళ్లను పిలిపించేవారు.

చంద్లాపూర్ బస్సులో వచ్చే నాకు ఆ చప్పట్లు ఎన్నడూ దక్కలేదు. కానీ గంట మోగాక నేను ఉరుకుతూ మలుపు తిరిగేసరికి మేడం చాలాసార్లు వంగి బూట్ల లేసు కట్టుకుంటూ కనిపించేవారు. కట్టుకున్నాకే గేటు మూసేవారు. ఆమెకు ముడి వేయడం సరిగ్గా రాదని డైరీలో రాసుకున్నాను కూడా.

పదో తరగతిలో ఒకసారి బస్సు చెడిపోయి, వారంలోనే నాకు రెండు ఆలస్యాలు పడ్డాయి.

"బడికెళ్లి పిలుపొచ్చిందంటే సదువు బంద్. నాతోని పత్తి ఏర రావాలె," అంది అవ్వ.

మరునాడే బస్సు మళ్లీ ఆలస్యమైంది. మలుపు తిరిగేసరికి గంట ఆగిపోయింది. గేటు దగ్గర మేడం వంగి ఉన్నారు.

"జల్ది ఉరుకు బిడ్డా! గీ ముడి పడ్డదంటే గేటు మూసుడే!"

లోపలికి వచ్చి, ఆయాసపడుతూ కిందికి చూశాను. దెబ్బ తగిలి ఆమె పాదానికి కట్టు ఉంది. ఆ రోజు బూట్లే వేసుకోలేదు. రబ్బరు చెప్పుల మీద, లేని లేసును ఆమె వేళ్లు ముడివేస్తున్నాయి.

"ఏం జూస్తున్నవ్? లైన్ల నిలబడు, పో," అన్నారు తలెత్తకుండానే.

నా వెనక ఇంకో ఇద్దరు ఉరికొస్తున్నారు.