రెండో ఎనకబండి ఎవరు కట్టమన్నరు?

మా బావ పోయిండు. మా అక్క పెనిమిటి, వనపర్తిల పల్లీల మిల్లుకు లారీ నడిపినోడు. పల్లికాయ పీకే దినాలల్ల దగ్గు పట్టి, ఎక్కువ మంచాన పడకుండనే పోయిండు. పీనుగు ఇంక అరుగు మీదనే ఉండె. మిల్లు మేనేజరు వచ్చి దండేసి, నలుగురు వినేటట్టు అన్నడు: "మంచోడే పాపం. ఆ పెద్ద ఇంజన్ ఒక్కటి పగలగొట్టకపోతే ఇంకా మంచిపేరుండేది."

ఆ మాట నేను యుద్ధం నడిచేటప్పటి నుంచి వింటున్న. బజార్ల విన్న, సంతల విన్న, కల్లుకాడ విన్న. బావ బతికుండంగ నన్ను నోరు తెరవనియ్యలే. "ఊకో బామ్మర్ది, ఇంజనే పోయింది, మాట పోతే ఏమాయె" అనేటోడు. ఇప్పుడు నన్ను ఊకోమనేటోడు లేడు. అందుకే రాస్తున్న. నేను పెబ్బేరు సంతల ఎద్దుల బేరం చేసేటోన్ని. అచ్చరాలు సక్కగ రావు. పండ్లు చూసి ఎద్దు వయసు చెప్పుడు నాకు సులువు, రాసుడు కష్టం. రాతల తప్పుంటె మీరు సర్దుకోండ్రి. మాటల తప్పు లేదు.

బావది గద్వాల. ఆడ పత్తి గింజ తీసే జిన్నుల ఆయిలింజన్ కాడ పని నేర్చి, ఆడికెల్లి లారీ ఎక్కిండు. కన్నడం సరిహద్దు దగ్గరాయె, వద్దు అననీకె "బ్యాడప్పా" అనేటోడు. అన్నం ఇంకింత పెట్టుకో అంటె బ్యాడప్పా. లారీల ఇంకో బస్తా ఏస్తం అంటె బ్యాడప్పా. ఆ మాట అంటె మల్ల ఎనకకు తీసుకునేటోడు కాదు.

దుప్పటంత డీజిల్ వాసనని మా అక్క రోజు కొట్లాడేది. నేను కూడ ఎగతాళి చేసేది. "ఏంది బావా నీ లారీ, పేడ పెట్టదు, ఈనదు, సస్తె తోలు గూడ రాదు." ఆయన రొట్టె నములుకుంటనే అనేటోడు: "నీ ఎద్దు ఊకె నిలబడ్డా గడ్డి మేస్తది. నాది నిలబడితె ఏమడగదు బామ్మర్ది. మా బామ్మర్ది కన్న నయం." అక్క నవ్వేది.

ఆయనది ఒక అలవాటు. గుట్ట ఎక్కుడు మొదలయ్యే కాడ లారీ ఆపి, దిగి, ఇంజన్ మూత మీద అరచెయ్యి పెట్టేది. చల్లారినంక ముందుగాల దానికి నీళ్ళు పోసేది, తర్వాత తను తాగేది. నేను గూడ ఎద్దులకు పెట్టినంకనే తాగుత. గందుకే మా ఇద్దరికి పడ్డది.

మొదట మిల్లుకు ఉన్నది చిన్న లారీ. నాలుగు సిలిండర్లది. నాగర్‌కర్నూల్ నుంచి పల్లీలు తెచ్చేది. దాని ఎనక ఇంకో బండి తగిలిస్తరు, దాన్ని మేం ఎనకబండి అంటుంటిమి. ఒకపారి నేను పక్కన కూసున్న. సాపు తొవ్వల మంచిగనే ఉరికింది. ఎక్కుడు రాంగనే ఏడుపు మొదలుపెట్టింది. మొదటి గేరు తప్ప ఇంకోటి పడలే. నల్ల పొగ. నీళ్ళు తుకతుక ఉడికినయ్. నడుమ ఆపి, చక్రాల ఎనక రాళ్ళు పెట్టి, ఎనకబండిల సగం బస్తాలు దింపి ఎక్కించినం. "పాత ఎద్దు తీరు ఉన్నది" అన్న. "పాతది కాదు, చిన్నది. దాని బలానికి మించి గుంజుమంటె ఏం చేస్తది? ఖాళీగ పోనీకె, సగం బరువుకు, దీని అంత మంచిది లేదు. నూనె గూడ తక్కువ తాగుతది" అన్నడు.

యుద్ధానికి ముందుగాల మిల్లు సేటు పెద్ద లారీ తెచ్చిండు. ఆరు సిలిండర్లది, ముక్కు ఇంత పొడుగు. మా పెబ్బేరు సంతల ఎద్దును కొనేముందు ఒక రివాజున్నది. బండి చక్రాలు తిరగకుండ తాళ్ళతోని కట్టేసి, ఎద్దులను పూన్చి, పది అడుగులు గుంజిపిస్తం. గుంజినయంటె వాటికి లోపల బలమున్నదని లెక్క. మేనేజరు ఆ రివాజు చూసినోడే. "కొత్త లారీని గూడ గట్లనే చూద్దాం" అన్నడు. చక్రాలు కట్టేసిన బండ్లు మూడు దాని ఎనక తగిలించినం. బండ్లు నావే. లారీ ఉరకలే, మొత్తుకోలే. మెల్లగ గుంజుకపోయింది. నేలంత చాళ్ళు పడ్డయ్. సంతంత ఈలలేసింది. బావ మాత్రం దిగి మూత మీద చెయ్యి పెట్టిండు. "బలం మంచిగున్నది. దీన్ని ఎక్కుడు కోసం దాచుకోవాలె, బస్తాల కోసం కాదు" అన్నడు. ఈలలల్ల ఎవరు వినలే.

ఆ లారీతోని కొన్నేండ్లు ఏ పరేషాన్ లేదు. ఒక ఎనకబండి కట్టుకొని, అదే ఎక్కుడు రెండో గేరుల ఎక్కేది. దిగుడుల గూడ ఇంజనే పట్టుకునేది, ఎనకబండి మీదికి నూకేది కాదు. నూనె ఎక్కువ తాగేది, నిజమే. మెత్తటి నేలల ముందు చక్రాలు దిగబడేయి. కానీ తొవ్వల ఆగిందన్న మాట లేకుండె. "ఎందుకంటవ్ బావా?" అని అడిగిన. "సగం బలంతోనే పని అయితుంది గదా. నిమ్మలంగ నడిచేది శానా దూరం నడుస్తది" అన్నడు.

యుద్ధం నడుమల ఒక ఏడు పల్లి బాగ పండింది. నాగర్‌కర్నూల్ కాడ కుప్పలు బయటనే ఉన్నయ్, మబ్బులు పట్టినయ్. తడిస్తె సేటుకు నష్టం, రైతులకు నష్టం. మేనేజరు భయం అబద్ధం కాదు, ఆయనకు గూడ నిద్ర లేదు. నా బండ్లు గూడ ఆడనే బస్తాలెత్తుతున్నయ్, నేనున్న. ఆయనొచ్చి రెండో ఎనకబండి కట్టమన్నడు.

"బ్యాడప్పా" అన్నడు బావ.

"సంతల మూడు బండ్లు గుంజింది గద, చక్రాలు కట్టేస్తేనే. ఇవి తిరిగే చక్రాలు."

"సంతల పది అడుగులు గుంజింది సారు. మీరు ఎద్దును కొని, చక్రాలు కట్టేసిన బండితోనే ఊరికి పోతరా?"

"నువ్వు పోకుంటె చిన్న లారీ నడిపే ఆయనను ఎక్కిస్త."

చిన్న లారీ ఆయనకు రెండెనకబండ్లు దిగుడుల ఆపుడు తెల్వదు. ఆయనకు చంటి పిల్లలు. బావ రెండో ఎనకబండి తగిలించి లారీ ఎక్కిండు. బ్యాడప్పా అన్న మాట ఆయన ఎనకకు తీసుకున్నది గదొక్కపారే.

మొదటి దినం గుంజింది. మల్ల దినం గుంజింది. మేనేజరు నవ్విండు. ఆ మల్ల దినం బావ మూత మీద చెవి పెట్టి, "లోపల సప్పుడు మారింది, ఒక్క పూట ఆపి ఇప్పి చూస్త" అన్నడు. "మబ్బు చూసినవా?" అన్నడు మేనేజరు. ఆ పొద్దే, అదే ఎక్కుడు మీద, సుత్తెతో కొట్టినట్టు నాలుగు సప్పుళ్ళొచ్చి ఇంజన్ నిలబడ్డది. బేరింగ్ కాలి, లోపల తిరిగే క్రాంకు ఇరుసు విరిగింది. నా బండ్లు ఎనకనే ఉండె. నేను పోయేసరికి బావ చక్రాలకు రాళ్ళు పెట్టి, మూత మీద చెయ్యేసి నిలబడ్డడు.

"చిన్నది ఏడుస్తది బామ్మర్ది, పొగ కక్కుతది, నలుగురికి తెలుస్తది. ఇది చెప్పదు. గుంజుతనే ఉంటది" అన్నడు.

నా ఎద్దులను జతలు జతలుగ పూన్చి ఆ లారీని వనపర్తికి గుంజుకొచ్చినం. బావ లోపల స్టీరింగ్ పట్టుకొని కూసున్నడు. అంత బాధల గూడ తల బయట పెట్టి, "బామ్మర్ది, ఎక్కుడు కాడ ఎద్దులను ఆపి నీళ్ళు పెట్టు" అన్నడు.

యుద్ధం నడుస్తుండె, బొంబాయి నుంచి క్రాంకు రాలే. డ్రైవరు ఇంజన్ల పోసే నూనె చూసుకోలేదని మేనేజరు సేటుకు చెప్పిండట. బావను గేటు కాడ కూసోపెట్టినరు. మిల్లు ఎనక ఆ ఇంజన్ తుప్పు పట్టింది, కోళ్ళు గుడ్లు పెట్టినయ్. బావ గేటు కాడ కూసొని, తొవ్వన పోయే లారీల సప్పుడు వినేటోడు. "బరువెక్కువైంది దానికి" అనేటోడు, తల ఎత్తకుండనే. చెప్పనీకె ఎవరు లేకుంటె నాకు చెప్పేటోడు. నూనె సంగతి నేనడిగితె మాత్రం, "ఊకో బామ్మర్ది."

పదో దినానికి మిల్లు నుంచి ఒక బస్తా బియ్యం పంపినరు. మా అక్క ఆ బస్తా మూతి ఇప్పలే. "నూనె చూసుకోని మనిషి దినానికి వాళ్ళ బియ్యమెందుకు? ఆ మాట తప్పని చెప్పినంక వండుత" అన్నది. ఇంట్ల ఉన్న జొన్నలతోనే దినం ఎల్లదీసింది. బస్తా ఇంక అరుగు మీదనే ఉన్నది, ఆయన పీనుగు పెట్టిన చోటనే.

నాకు ఎవరి మీద పగ లేదు. మేనేజరు దొంగ కాదు. వానకు భయపడ్డడు, అంతే. గదే చెప్పమంటున్న. నెల మాసికం ముందటి శనివారం మేనేజరు పెబ్బేరు సంతకు రావాలె, లారీ నాడు బండ్లు గుంజిన చోటికి. రెండో ఎనకబండి ఎవరు కట్టమన్నరో నలుగురి ముందర ఒక్క మాట చెప్పాలె. చెప్తె మాసికం నాడు ఆ బియ్యమే వండి, ముందుగాల మేనేజరుకే విస్తరేస్తం.

శనివారం పొద్దుగూకేదాక చూస్త. రాకుంటె ఆదివారం పొద్దుగాల ఆ బస్తాను నా బండిల ఏస్త. చక్రాలు తాళ్ళతోని కట్టేస్త. మా అక్క ఇంటి నుంచి మిల్లు గేటు దాక నాలుగు సందులే, నా ఎద్దులు అంత మాత్రం గుంజుతయ్. ఒక్క బస్తాకు ఈ బండి గింత మొత్తుకుంటున్నదేందని బజారంత బయటికొచ్చి అడుగుతది. అప్పుడు నేను చెప్పాల్నా, శనివారమే మీరు చెప్తరా, మేనేజరు సారు?