మెరుపుకి కాలు పట్టేసిన కథ

మెరుపు కట్టుడు పళ్ళు చేస్తాడు. వయసు నలభై ఆరు. పొట్ట గుండ్రంగా ఉంటుంది. పని చేసే గది రెండో అంతస్తులో. రోజూ మెట్ల మలుపులో ఆగి, కిటికీలోంచి వీధిలో ఏదో ముఖ్యమైన విషయం చూస్తున్నట్టు నిలబడి, ఊపిరి కూడదీసుకుని మిగతా మెట్లు ఎక్కుతాడు. ఇలాంటి మనిషికి మెరుపు అని పేరేమిటని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "నేను చేసిన పళ్ళు మెరుస్తాయండీ, అందుకని" అంటాడు. కానీ పక్క గదిలో పళ్ళ డాక్టరుగారు ఊరుకోరు. "చిన్నప్పుడు ఈయన పెద్ద రన్నరండీ! కాలు పట్టేయకపోయి ఉంటే ఈపాటికి ఎక్కడ ఉండేవాడో!" అంటారు. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్న పేషెంటు 'అయ్యో' అనే వీలు లేక కళ్ళతోనే జాలిపడతాడు. మెరుపు గబగబా తన మైనం ముద్ద వైపు తిరిగిపోతాడు.

ఆ పేరు అతనికి పదకొండో ఏట అంటుకుంది. ఊళ్ళోని బడులన్నిటికీ కలిపి పెట్టిన ఆటల పోటీల్లో వంద మీటర్లు పరిగెత్తాడు. రెండోవాడు గీత దాటేసరికి ఇతను నీళ్ళు తాగి మూతి తుడుచుకుంటున్నాడని నాన్న ఇప్పటికీ చెబుతాడు. అది అబద్ధమే గానీ, తేడా మాత్రం చాలానే ఉంది. మర్నాడు పేపర్లో ఫొటో వేసి, కింద 'మెరుపు కుర్రాడు' అని రాశారు. ఆ ఫొటోలో అందరూ ఇతని కాళ్ళనే చూశారు. పక్కన పరిగెత్తేవాళ్ళ తలలు ఇతని భుజం దాకా కూడా రాలేదన్న సంగతి ఎవరి కంటా పడలేదు. మిగతావాళ్ళకి ఇంకా పాలబుగ్గలు. ఇతనికి అప్పటికే నూనూగు మీసం వచ్చేసింది, గొంతు బొంగురుపోయింది, తొడలు బలిశాయి. "చంటిపిల్లల మధ్యలో ఒక పెద్దమనిషి దూరి పరిగెత్తి కప్పు కొట్టుకొచ్చాడు. పోలీసులకి పట్టివ్వాల్సింది పోయి దండ వేశారు" అని ఇప్పుడు తన గురించి తనే అనుకుంటాడు.

నాన్న ఒక ఆఫీసులో టైపిస్టు. పేపరు వచ్చిన రోజే ఒక స్టాప్‌వాచ్ కొనుక్కొచ్చి మెళ్ళో వేసుకున్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో నిమిషాలు మాయమై అన్నీ సెకన్లే మిగిలాయి. పిల్లవాడు స్నానం చేసొచ్చినా, చొక్కా గుండీలు పెట్టుకున్నా నాన్న బొటనవేలు టిక్కుమనిపించేది. మంగలి ఊరికే జుట్టు కత్తిరించి, "రేపు పేపరువాళ్ళు అడిగితే నా కొట్టు పేరు చెప్పాలి సుమా" అన్నాడు. లెక్కల్లో తప్పినా హెడ్మాస్టరు ముందు బెంచీలో కూర్చోబెట్టాడు. పన్నెండేళ్ళకి ఎవరో ఆటోగ్రాఫ్ అడిగారు. సంతకం ఎలా పెట్టాలో తెలియక, ఆ వారమంతా నోటు పుస్తకంలో తొమ్మిది పేజీలు సాధన చేశాడు. ఆ ఏడు తాను మనసు పెట్టి చేసిన సాధన అదొక్కటే.

అతనికంటే రెండేళ్ళు చిన్నదైన చెల్లెలు, అన్నయ్య కాళ్ళు అలిసిపోతాయని కొట్టుకి వెళ్ళడం, నీళ్ళు పట్టడం, బట్టలు ఆరేయడం అన్నీ తనే చేసేది. అన్నయ్య మంచం మీద కాళ్ళు చాపుకుని దేశానికి పేరు తేవడం గురించి ఆలోచించేవాడు.

పదమూడేళ్ళకి ఎదుగుదల ఆగిపోయింది. నాన్న ప్రతి నెలా తలుపు దగ్గర నిలబెట్టి నెత్తి మీద స్కేలు పెట్టి పెన్సిలు గీత గీసేవాడు. గీత మీదే గీత పడి పడి ఆ చోట చెక్క నల్లబడింది. ఈలోగా మిగతా కుర్రాళ్ళు వేసవి సెలవులకి వెళ్ళి, ఒక్కొక్కడూ జానెడేసి పెరిగి, మీసాలతో తిరిగొచ్చారు.

పదిహేనో ఏట, జట్టుకి ఎంపిక చేసే పెద్ద ట్రయల్స్ వచ్చాయి. గ్యాలరీలో నాన్న, ఆయన చుట్టూ ఆఫీసువాళ్ళు పన్నెండుమంది. తుపాకీ పేలింది. ముప్పై మీటర్ల దగ్గర మెరుపుకి ముందు ఒక వీపు కనబడింది. పరుగులో మనుషులకి వీపులుంటాయని అతనికి అప్పటిదాకా తెలియదు. ఇంకో వీపు వచ్చింది. ఇంకోటి. అరవై మీటర్ల దగ్గర ఐదు వీపులు లెక్క తేలాయి. ఏం ఆలోచించాడో గుర్తు లేదు. చెయ్యి తనంతట తనే తొడ మీదకి వెళ్ళింది. "అమ్మా!" అని కేక పెట్టి, రెండు పల్టీలు కొట్టి పడ్డాడు. ఆ పడటం మాత్రం ఎంత బాగా పడ్డాడో! ఆ రోజు మైదానంలో అతను చేసిన ఒకే ఒక్క గొప్ప పని అది. నాన్న కంచె దూకి వచ్చి, కొడుకుని భుజాన వేసుకుని, ఏడుస్తూ మోసుకెళ్ళాడు.

మూడు నెలలు కుంటుతూ తిరిగాడు. సాయంత్రమైతే చెల్లెలు బడి నుంచి వచ్చి బామ్ రాసి తొడ పట్టేది. ఇబ్బందల్లా ఏ కాలో గుర్తు పెట్టుకోవడమే. ఒకసారి కదిలిపోతున్న బస్సు వెంట ఎగిరి పరిగెత్తి, ఫుట్‌బోర్డు ఎక్కాక గుర్తొచ్చి, అక్కణ్ణించి కుంటుకుంటూ వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. అతన్ని ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకోటుంది. గెలిచినప్పటి కంటే కుంటేటప్పుడే అందరూ ఎక్కువ ప్రేమగా చూశారు. గెలిచినవాడు మళ్ళీ గెలవాలి. కాలు పట్టేసినవాడు మళ్ళీ ఏమీ చెయ్యనక్కర్లేదు.

అంతే. ఇక పరుగు జోలికి పోలేదు. చదువయ్యాక, కూర్చుని చేసే పని ఏదైనా ఫర్వాలేదంటే ఎవరో పళ్ళ ల్యాబులో చేర్చారు. అక్కడ మాత్రం చెయ్యి తిరిగింది. ప్లాస్టర్ అచ్చు మీద మైనం పరిచి, పన్ను తర్వాత పన్ను వరసగా గుచ్చి, ఒక ముసలాయన నవ్వు ఎలా ఉండేదో పాత ఫొటోలో చూసి, ఒక పన్ను కావాలనే రవ్వంత వంకర పెట్టేవాడు. ఆ పళ్ళు పెట్టుకున్నవాళ్ళు అద్దంలో చూసుకుని కళ్ళు తుడుచుకున్న రోజులున్నాయి. అయినా ఇంటికెళ్తే పెళ్ళాం, "మెరుపుగారూ, పాలు పొంగుతున్నాయి, కాస్త పరిగెత్తండి" అనేది. అతను లేచేలోపల పాలు పొయ్యి మీదంతా పొంగేవి.

ఇలా ముప్పై ఏళ్ళు గడిచాక, చెల్లెలి కూతురు పరుగు మొదలుపెట్టింది.

పిల్లకి పన్నెండేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. బడిలో రెండొందల మీటర్లలో మొదటిది, ఆ తర్వాత ఊళ్ళో మొదటిది. నాన్న ఇప్పుడు చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆయన బీరువాలోంచి పాత స్టాప్‌వాచ్ తీసి, మనవరాలికి 'చిన్న మెరుపు' అని పేరు పెట్టాడు. అప్పుడైనా మెరుపు నోరు విప్పి ఒక్క ముక్క చెప్పాల్సింది. చెప్పలేదు సరికదా, 'చిన్న మెరుపు' అని పెద్ద అక్షరాలతో బ్యానరు రాయించి తెచ్చింది అతనే. గ్యాలరీలో అందరికంటే గట్టిగా అరిచిందీ అతనే. "మా ఇంటి రక్తంలోనే ఉందండీ" అని పళ్ళు పీకించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

పెద్ద ట్రయల్స్‌కి ఇంకో రెండు వారాలుందనగా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, దానికి కాలు పట్టేసింది. అచ్చం నీకు పట్టేసినట్టే. స్కానింగులో ఏమీ కనబడలేదట. నాన్న అన్నం ముట్టడం లేదు. నాకివాళ సెలవు దొరకలేదు, మధ్యాహ్నం నీ దగ్గర దింపుతాను, కాస్త ధైర్యం చెప్పు. నీకు తెలుసు కదా ఆ బాధ."

పిల్ల కుడికాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కి వచ్చింది. మెరుపు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఆ కబురూ ఈ కబురూ చెప్పి, "తల్లీ, ఆ అలమార మీద ప్లాస్టర్ కలిపే రబ్బరు గిన్నె ఉంది, అందుకో" అన్నాడు. పిల్ల లేచి వెళ్ళి గిన్నె తెచ్చింది. వస్తున్నప్పుడు ఎడమకాలు కుంటింది.

మెరుపు చేతిలో మైనం కత్తి ఆగిపోయింది. తన పదిహేనేళ్ళ కాలు లేచొచ్చి ఎదురుగా నడుస్తున్నట్టుంది.

"ఏ కాలు తల్లీ?"

"కుడికాలు మావయ్యా."

"మరి ఎడమది కుంటుతున్నావే?"

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. "అది కూడా... కొంచెం."

"చెప్పులో చిన్న రాయి వేసుకోవాలి. ఏ కాలో మర్చిపోవు. నాకు ఈ ఉపాయం రెండో నెలలో గానీ తట్టలేదు."

పిల్ల గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నీకు నిజంగా పట్టేసింది కదా మావయ్యా?"

"లేదు" అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. ఆ ఒక్క మాట బయటికి రావడానికి జ్ఞానదంతం పీకినంత కష్టమైంది.

పిల్ల గిన్నెలోకి చూస్తూ చెప్పింది. "పోయిన నెల ప్రాక్టీసులో ఒకమ్మాయి నన్ను దాటేసింది. తాతయ్య స్టాప్‌వాచ్ చూసి, వాచీ పాడైందన్నాడు. బాగు చేయించడానికి షాపుకి తీసుకెళ్ళాడు. వాచీ బాగానే ఉందని షాపతను చెప్తే ఇంకో షాపుకి తీసుకెళ్ళాడు."

మెరుపుకి నవ్వొచ్చింది. "నీకు పరిగెత్తడం ఇష్టమేనా?"

"ఇష్టమే. అందరూ అలా కూర్చుని చూస్తుంటేనే పారిపోవాలనిపిస్తుంది." కళ్ళు తుడుచుకుని, "నీ సంగతి నేను ఎవరికీ చెప్పను. నా సంగతి నువ్వు చెప్పకు" అంది.

బేరం బాగానే ఉంది. నిజం చెప్పాలంటే మెరుపు ఒక నిమిషం పాటు ఒప్పుకున్నాడు కూడా. ఆ నిమిషంలో పిల్ల మూడు నెలలు కుంటడం, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఎవరో ఒకరు 'అయ్యో' అన్నప్పుడల్లా మొహం తిప్పుకోవడం కళ్ళ ముందు కనబడింది. చేతులు కడుక్కుని, ఏప్రను విప్పి, "పద, ఇంటికెళ్దాం. ముందు నా కాలి సంగతి తేలుస్తాను" అన్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి చెల్లెలు ఆఫీసు నుంచి వచ్చి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. నాన్న కిటికీ పక్కన కుర్చీలో దిగాలుగా కూర్చున్నాడు. మెరుపు నిలబడే చెప్పేశాడు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

చెల్లెలు ఇస్త్రీపెట్టె పైకెత్తి పట్టుకుని అన్నయ్య కాళ్ళ వైపే చూసింది. నాన్న ముందు తేరుకున్నాడు.

"ఏం మాట్లాడుతున్నావురా? నీ కాలు పట్టేసింది. తొడ ఇంత లావున వాచింది. నేను చేత్తో పట్టుకుని చూశాను."

"అది వాపు కాదు నాన్నా, కండ."

"నీకేం తెలుసు? అప్పటికి నీకు పదిహేనేళ్ళు!"

"కాలు నాదే కదా నాన్నా."

"అయితే?" అన్నాడు నాన్న.

చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. "మూడు నెలలు! బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ కూడా దించకుండా నీ కాలు పట్టాను. నా చేతులకి ఆ బామ్ వాసన పోక అన్నం తినలేకపోయేదాన్ని. నీ మీద జాలితో దొంగచాటుగా ఏడ్చాను కూడా! నీకు సిగ్గుగా లేదూ?"

"ఉంది" అన్నాడు మెరుపు. "ఆ రోజుల్లో కూడా ఉండేది. కానీ చాలా హాయిగా ఉండేది చెల్లీ."

చెల్లెలు ఇస్త్రీపెట్టెని విసురుగా నిలబెట్టి, కూతురి వైపు తిరిగింది. "నీదీ అంతేనా?"

పిల్ల తల ఊపింది. చెల్లెలు మంచం మీద కూలబడింది. కాసేపటికి తనే లేచి కోచ్‌కి ఫోన్ చేసి, పిల్ల ట్రయల్స్‌కి రావడం లేదని చెప్పింది. ఇంత టాలెంటు వృథా చేస్తారా అని ఆయన ఒకటే గొడవ. "దానికి పన్నెండేళ్ళండీ. ఎక్కడికీ పోదు, ఇంట్లోనే ఉంటుంది" అని పెట్టేసింది.

నాన్న పది రోజులు మెరుపుతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఇరుగుపొరుగుకి కొత్త సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. "ఆ రోజు పడిన దెబ్బ మామూలుది కాదండీ. తలక్కూడా తగిలినట్టుంది. ఇన్నేళ్ళకి బయటపడింది, కాలు పట్టేయలేదంటున్నాడు." డాక్టరుగారికీ ఈ నిజం నచ్చలేదు. ఇంజెక్షన్ ఇచ్చేముందు పేషెంట్ల దృష్టి మళ్ళించడానికి పాత కథే బాగా పనిచేస్తుందని, దాన్నే వాడుకుంటున్నారు. చెల్లెలు మాత్రం ప్రతి ఆదివారం అన్నయ్యని బజారుకి రప్పించి, బరువైన సంచులన్నీ అతని చేతే మోయిస్తోంది. అతను కిక్కురుమనకుండా మోస్తున్నాడు.

పిల్ల ఏడాది పాటు బూట్లు ముట్టలేదు. తర్వాత ఒకరోజు తనంతట తనే గ్రౌండుకి వెళ్ళింది. ఈసారి ఎనిమిది వందల మీటర్లు ఎంచుకుంది. అందులో తనని ఎరిగినవాళ్ళు లేరు. మొదటి పోటీకి వస్తానంటే మావయ్య ఒక్కణ్ణే రానిచ్చింది, అదీ అరవనని మాటిచ్చాకే. మెరుపు దూరపు మలుపులో కంచె పట్టుకుని, పెదవులు బిగబట్టి నిలబడ్డాడు. పిల్ల ఎర్రటి మొహంతో రొప్పుతూ గీత దాటింది.

"ఎన్నోదాన్ని మావయ్యా?"

"ఆరోదానివి."

"ఎంతమందిలో?"

"తొమ్మిదిమందిలో."

"ఫర్వాలేదే!" అంటూ గడ్డిలో కూలబడి బూట్ల లేసులు విప్పుకుంది. "ఆకలేస్తోంది. ఇక్కడ తినడానికేమైనా దొరుకుతుందా?"