ఒంటి చెప్పు

నిజాం పాలన చివరి రోజుల్లో గద్వాల స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాం. గట్టు ఊరి వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ గుడ్డమూట విప్పి, మగవాళ్ల చెప్పు ఒకటి బెంచీ మీద పెట్టింది. తుంగభద్ర అవతల కాలువ పనికి పోయిన ఆమె కొడుకు కనిపించకుండా పోయాడట. ఏటి ఒడ్డున ఇదొక్కటే దొరికిందని తోటి కూలీలు తెచ్చి ఇచ్చారట.

పక్కనున్న పోలీసు జమేదారు దాన్ని తిప్పి చూశాడు. "చెప్పు వారు తెగింది. ఎవరో తరిమిండ్రు, ఉరికిండు."

బెంచీ చివరన కూర్చున్న యునానీ వైద్యుడు, హకీం ఒప్పుకోలేదు. "మడమ ఒక్క దిక్కే అరిగింది. నడుం నొప్పి మనిషి. ఉరుకుడెక్కడిది?"

"రెండోది దొరికేదాక ఏ కోర్టు కచేరీల గూడ ఇది సాక్ష్యం కాదు," అన్నాడు నల్లకోటు వకీలు.

ముగ్గురూ వాదనలో పడ్డారు. నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది.

"ఇన్ని చెప్తుండ్రు గద సారూ, నా కొడుకు ఉన్నడా లేడా? గది జర చెప్పుండ్రి."

వకీలు గడియారం చూసుకున్నాడు. నేను ఉండబట్టలేక, "ఉంటడవ్వా, బతికే ఉంటడు," అన్నాను.

ఆమె కళ్లు వెలిగాయి. "నువ్వేం పని జేస్తవు బిడ్డా?"

"బడిపంతులును."

ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది. "గట్లనా. నీకెట్ల తెలుస్తది లే బిడ్డా," అంటూ, నన్నే ఓదారుస్తున్నట్టు భుజం నిమిరింది.

ఆ తర్వాత ఎవరింటికి పరామర్శకు వెళ్లినా నాకు నోట మాట రాదు.