మూతకు నేను పెట్టిన గొట్టం

మొన్న ఆదివారం డ్రోహెడా నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, ఇంట్లోనే వైన్ చేసుకుందామని ఒక బకెట్ కొన్నాననీ, గాలి పోయే గొట్టం దాని మూతకే బిగించి వచ్చిందనీ తన ఐరిష్ యాసలో చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. అలాంటిది ఇరవై ఏళ్ల కిందట ములింగార్‌లో మీ అమ్మ సొంత బుర్రతో తయారుచేసింది అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. నా ఈడువాళ్లు మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

గుంటూరు నుంచి ఐర్లండ్ వచ్చి అప్పటికి రెండో ఏడు. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌లో వాళ్ల బాగోగులు చూసే కేరర్. మా అమ్మ ప్రతి క్రిస్మస్‌కీ జాడీలో నల్లద్రాక్ష వైన్ పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టేది. ఆ రుచి మీద బెంగ పుట్టి, సెప్టెంబరులో రోడ్డు పక్క కంచెల్లో ఊరికే రాలిపోతున్న బ్లాక్‌బెర్రీలు కోసుకొచ్చి, చక్కెర, నీళ్లు, ఈస్టు కలిపి, గుడ్డ కడితే ఈగలు దూరతాయని బకెట్ మూత గట్టిగా బిగించి, వెచ్చగా ఉంటుందని వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మరాలో, ఇక్కడివాళ్లు హాట్ ప్రెస్ అంటారు, బట్టల పక్కన పెట్టాను. ఇడ్లీపిండి పొంగడం పుట్టినప్పటి నుంచి చూసినదాన్ని, పులిసేది గాలి వదులుతుందని ఎందుకు తట్టలేదో మరి. మూడోరోజు పొద్దున చపాతీలు ఒత్తుతుంటే మేడమీద ఢామ్మంది. మూత ఎగిరిపోయి, అద్దింటి తెల్లగోడలూ, మడతపెట్టిన నా యూనిఫారాలూ అన్నీ ఊదారంగే. లీజు మళ్లీ రాయించుకోవాల్సిన నెల అది. మా ఆయన కోప్పడలేదు. రెండు రోజులు గోడలకు రంగు వేసి, "ఇంక ఇది మానెయ్" అని మాత్రం అన్నారు.

మానేద్దామనే అనుకున్నాను. ఆ వారమే వార్డులో ఒకాయనకు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే ఛాతీలో గొట్టం వేశారు. దాని రెండో కొస నీళ్లలో మునిగి ఉంటుంది. లోపలి గాలి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి వెనక్కి రాలేదు. శిక్షణ రోజుల నుంచి వందలసార్లు చూసిందే. ఆ పూట మాత్రం ఆ బుడగలు చూస్తుంటే నా బకెట్ గుర్తొచ్చింది.

ఆసుపత్రి నుంచి దూదిపింజ కూడా ఇంటికి తెచ్చే మనిషిని కాను. షాపులో రబ్బరు వాషరు, సన్నటి గొట్టం కొన్నాను. మూతకు చిల్లు పెట్టడానికి డ్రిల్ లేక, అంతవరకూ చెయ్యి ఊపడమే తప్ప పలకరించని పక్కింటి పెద్దాయన తలుపు కొట్టాను. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న వడ్రంగి ఆయన. చిల్లు పెట్టి, నా మాటంతా విని, "ఇది పనిచేస్తుందంటావా?" అన్నాడు.

"ఊపిరితిత్తికి పనిచేస్తోందండీ, పళ్లరసానికి చెయ్యదా?" అన్నాను.

ఈసారి బకెట్ నిండుగా పొయ్యలేదు. గొట్టం ఒక కొస రసానికి తగలకుండా మూత కిందే ఉంచి, రెండోది జామ్ సీసాలో నీళ్లలో రెండు వేళ్ల లోతున ముంచాను. మర్నాడు మధ్యాహ్నం మొదటి బుడగ వచ్చింది. కబురు చేస్తే ఆయన వచ్చి, కుర్చీ లాక్కుని, మ్యాచ్ చూస్తున్నట్టు అరగంట కూర్చుని "గ్రాండ్" అన్నాడు. ఇక్కడ గ్రాండ్ అంటే పరవాలేదనే, కానీ ఆయన అన్న తీరులో అంతకంటే చాలా ఉంది. తన యాపిల్ రసం బకెట్ మూతకూ అలాగే చిల్లు పెట్టుకుని, వచ్చినవాళ్లకల్లా ఇది మా నర్సు నేర్పిన పని అని చూపించేవాడు. నలుగురు చెప్పింది చెయ్యడానికే ఈ దేశం వచ్చాననుకున్న నాకు, నా దగ్గరా ఒకరు నేర్చుకున్నారంటే తల కాస్త పైకి లేచింది. ఇంటి ఓనరు కొత్త రంగు చూసి, గోడలు బాగా ఉంచుకున్నారని మెచ్చి లీజు రాసిచ్చాడు. క్రిస్మస్‌నాడు పెద్దాయన మాతోపాటు బిర్యానీ తిని, రెండో గ్లాసు వైన్ తనే అడిగి పోయించుకున్నాడు.

మేం అద్దెకున్న ఆ ఇల్లే తర్వాత కొనుక్కున్నాం. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఇంట్లో ఇప్పుడు ఒక పడుచు జంట ఉంటోంది, మంచివాళ్లే, కారులోంచి చెయ్యి ఊపుతారు. వాళ్ల షెడ్డులో అన్నీ ఉన్నాయి, మా షెడ్డులోనూ అన్నీ ఉన్నాయి. ఏమీ అడగడానికి లేకుండా ఒకరి తలుపు ఎలా కొట్టాలో నాకిప్పటికీ తెలియడం లేదు.