గంట ఆకారం

అంబులెన్సు ఆఫీసు మేడమీద, లెక్కల విభాగంలో పనిచేసే ఆవిడను అందరూ తోకక్క అంటారు. ఫోను వచ్చినప్పటి నుంచి బండి చేరేదాకా పట్టిన సమయాలతో గ్రాఫు గీస్తే, ఎడమవైపు గుట్టలా పోగుపడి కుడివైపు సన్నగా సాగుతుంది. ఆ సాగిందే తోక. రైలు గేటు అవతలి క్వారీ కాలనీ మొత్తం అందులోనే ఉంటుంది. ఎవరు దొరికినా ఆవిడ ఆ తోక సంగతే చెప్పేది. ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే భర్త, “ఇవాళ ఎవరి తోక తొక్కొచ్చావ్?” అని అడిగేవాడు.

ఈసారి ఆవిడ తోకనే తొక్కారు.

రెండు నెలల సమయాలను పోల్చి చూడటానికి ఆవిడ లాగరిథమ్ తీసింది. అందులో తప్పేం లేదు. లాగ్ తీస్తే పెద్ద అంకెలు బాగా ముడుచుకుంటాయి. తోక లోపలికొచ్చి గ్రాఫు రెండువైపులా సమంగా, గంట ఆకారంలో నిలబడుతుంది. పోలిక తేల్చడం వరకే దాని పని.

కొత్త అధికారి ఆ గంటను చూసి మురిసిపోయాడు. దాని నడిమి విలువను మళ్ళీ నిమిషాల్లోకి మార్చి, “సగటు” అని నివేదికలో పెట్టేశాడు. కాలనీలో ఒక బండి నిలపాలా వద్దా అన్నది ఆ అంకెను బట్టే తేలుతుంది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

“సార్, ఒక బండికి పది నిమిషాలు, ఇంకో బండికి తొంభై. సగటెంత?”

“యాభై.”

“మీ పద్ధతిలో, లాగ్‌ల సగటు తీసి వెనక్కి మారిస్తే, ముప్పై వస్తుంది. మిగతా ఇరవై ఎటు పోయాయి? రోడ్డేమైనా కురచయిందా?”

“గ్రాఫు ఎంత పద్ధతిగా ఉందో చూడండమ్మా. చక్కగా గంటలా లేదూ?”

“మీకు గంటలా ఉంది సార్. వాళ్ళకి గంట పడుతోంది.”

సంతకం కోసం గుమ్మంలో నిలబడ్డ ముసలి డ్రైవరు, అందరికీ బాబాయ్, పకపకా నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపేశాడు. “మొన్న క్వారీలో నేను వెళ్ళేసరికి ఒక మనిషి చెయ్యి చల్లబడిపోయింది. లాగ్ తీసి అతన్ని కూడా లాగేశారా అమ్మాయ్?”

మీటింగులో ఆవిడ లేచి, “ఇది సగటు కాదు, ఆ మాట కొట్టేయండి” అంది. కొట్టేయలేదు. కాలనీకి బండి రాలేదు. ఆవిడను మాత్రం కింద ఫోన్ల గదిలోకి మార్చారు. అక్కడైనా తోక ముడుచుకుని కూర్చుంటుందనుకున్నారు.

ఫోను చేసినవాళ్ళకు ఆ సగటే చెప్పాలని అక్కడి ఆజ్ఞ. ఒక మధ్యాహ్నం కాలనీ నుంచి ఒకామె ఏడుస్తూ ఫోను చేసింది. “మా అమ్మకి ఊపిరాడట్లేదు. బండి ఎంతసేపట్లో వస్తుంది?”

“చాలాసేపు పడుతుంది తల్లీ. పంపిస్తున్నా, కానీ దానికోసం కూర్చోకండి. లారీ అయినా సరే, దేంట్లోనో ఒకదాంట్లో ఎక్కించి రైలు గేటు దాకా తీసుకురండి. మా బండి అక్కడికి ఎదురొస్తుంది.”

వెనకనుంచి సూపర్‌వైజరు కసిరాడు. “చాలాసేపు అంటారేంటండీ? జనం భయపడరూ?”

ఆవిడ హెడ్‌సెట్ తీసి అతని ముందు పెట్టింది. “అయితే మీరే చెప్పండి. ఆ అంకె మీ నోటితోనే చెప్పండి.”

అతను చెయ్యి చాపలేదు.

ఆవిడ మళ్ళీ హెడ్‌సెట్ తగిలించుకుంది. “లైన్లోనే ఉన్నా తల్లీ. లారీ దొరికిందా?”