టీవీకి హారతి

ఈ రోజు ఇంట్లో నా పరువు పోయింది. చిన్నప్పుడు ప్రాణంగా చూసిన అంతరిక్ష నౌక కథ ఇప్పుడు కొత్త సీరియల్‌గా కేబుల్ టీవీలో వస్తోంది. అదంతా పిల్లల పిచ్చి అని మొన్నటిదాకా వెక్కిరించిన నేనే, శుక్రవారమైతే కొట్టు తొందరగా మూసేసి మద్రాసు తొండియార్‌పేటలోని ఇంటికి పరుగెత్తుతున్నాను.

సాయంత్రం పూజలో హారతి పళ్లెం తిప్పుతుండగా, వెనక టీవీలో ఆ సీరియల్ మొదలై, చిన్నప్పటి ఆ పాత సంగీతమే వినిపించింది. నాకు తెలియకుండానే పళ్లెంతో సహా అటు తిరిగిపోయాను.

"ఏమిరా, సామి ఈడుంటే నువ్వు ఆడ టీవీకి హారతి ఇస్తా ఉండావే!" అంది మేనత్త, చుట్టాలందరి ముందూ.

అందరూ నవ్వారు. తల దించుకుని దేవుడి వైపు తిరిగాను. అప్పుడు వేసింది అసలు సిగ్గు. టీవీని చూసి చెమర్చిన కళ్లు ఇటు తిరగగానే ఆరిపోయాయి.

లెంపలు వేసుకున్నాను, ఓరకంట టీవీ చూస్తూనే. మీరైతే ఏం చేసేవారు?